మరమ్మతు మజూరీకి కచేరీ మెట్లెక్కిన మా మేనత్త

మా మేనత్త పోయిందన్న కబురు భోపాలపట్నం బడిలో, నేను పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుండగా అందింది. మద్దేడ్ నుంచి ఉప్పు కోసం వచ్చిన బండివాడొకడు తలపాగా తీసి చేతిలో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. అతని ముఖం చూసి పిల్లలే ముందు ఆగిపోయారు.

"పంతులూ, మీ అత్తమ్మ పొద్దుగాల కాలం చేసింది. బండి కట్టే ఉంచిన. వస్తవా?" అన్నాడు.

చలిజ్వరం పట్టిందని తెలుసు. మొన్న ఆదివారం చూసి వచ్చినప్పుడు లేచి కూర్చుని గంజి తాగింది. ఇంకేం ఫర్వాలేదనుకుని వచ్చేశాను. అందుకే అతని మాట నాకు వెంటనే తలకెక్కలేదు. పిల్లల్ని పంపించి, బడి తలుపు గడియ వేసి బండెక్కాను.

దారి పొడుగునా ఎదురైన బండ్లవాళ్లు మమ్మల్ని ఆపి "నిజమేనా?" అని అడిగారు. పొలాల్లోంచి పరుగెత్తుకొచ్చి అడిగినవాళ్లూ ఉన్నారు. నిజమేనని చెప్పినప్పుడల్లా దుఃఖం వచ్చేది. దానితోపాటు మరొకటి కూడా లోపల కదిలేది. ఇంతమంది ఆగి అడిగే మనిషి మా ఇంటి మనిషి అన్న గర్వం అది. చావు ఇంటికి పోతూ గర్వపడొచ్చా అంటే నాకు తెలియదు. పడ్డాను. ఎందుకు పడ్డానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గోదావరి అవతల ఉండే పాఠకులకు మద్దేడ్ తెలియకపోవచ్చు. బస్తరు సంస్థానానికి ఈ కొసన, బిజాపూరు నుంచి భోపాలపట్నం వచ్చే బాట మీద ఉన్న చిన్న ఊరు. జగదల్పూరు వైపు నుంచి వచ్చే బండ్లు అడవి దాటి అక్కడికి చేరేసరికి ఏదో ఒకటి విరిగి ఉంటుంది. ఆ సంగతి కనిపెట్టే మా మామ గోదావరి దాటి వచ్చి బాట పక్కన పాక వేసి బండ్ల మరమ్మతు మొదలుపెట్టాడు. ఆయన మంచి పనివాడు. నాలుగు డబ్బులు కనబడే వేళకు కలరా వచ్చి ఒక్కరోజులో పోయాడు. పిల్లలు లేరు.

దినాలయ్యాక మా నాన్న చెల్లెల్ని ఇంటికి రమ్మన్నాడు. ఆమె, "నేనొస్త అన్నా. మరి కొలిమిని ఎవరింట్ల వెడతవు? ఆ కమ్మరి పిల్లల్ని, వడ్రంగి పిల్లల్ని ఎవరింట్ల వెడతవు?" అని అడిగిందట. నాన్న ఒక్కడే తిరిగి వచ్చాడు.

అత్త బాడిస పట్టలేదు, సుత్తె ఎత్తలేదు. పని చేసేది కమ్మరి, వడ్రంగి, వాళ్ల కింద ఇంకొందరు. ఆమె చూసుకునేది కర్ర, ఇనుము, బొగ్గు, వాళ్ల తిండి, వచ్చినవాళ్లతో మాట. బండి వచ్చి ఆగగానే ముందు ఎద్దుల దగ్గరికి పోయి మెడ మీద చెయ్యి వేసేది. కాడి ఒరుసుకుని పుండు పడి ఉంటే బండివాణ్ణి తిట్టి, పసుపు నూనె తెప్పించి రాసి, ఆ తర్వాతే ఏం విరిగిందని అడిగేది. చుట్టుపక్కల అడవి ఊళ్ల దొర్లవాళ్లతో వాళ్ల దొర్లీలో, జగదల్పూరు వైపు నుంచి వచ్చినవాళ్లతో వాళ్ల హల్బీ భాషలో మాట్లాడేది. అధికారుల దగ్గర ఆమె హిందీ విని నేను నవ్వు ఆపుకోలేకపోయేవాణ్ణి. మాట హిందీదే, దాని తోక మాత్రం తెలుగు. "సాహెబ్, ఇరుసు టూట్ గయిందండి" అనేది. అర్థం కానివాడు ఒక్కడూ లేడు.

పని ఒప్పుకోవడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. ఎదురుగా ఉన్న కిరాణా షావుకారునో, బాట మీద పోయే బండివాణ్ణో కేకేసి పిలిచేది. వాళ్ల ఎదుట గట్టిగా చెప్పేది: ఈ చక్రానికి ఆకు కర్రలు మార్చాలి, ఇరుసు కొత్తది వెయ్యాలి, మజూరీ ఇంత, సంతరోజుకి ఇస్తాం. బండి యజమాని సరే అన్నాకే పనివాళ్లు చక్రం ఊడదీసేవాళ్లు. పని మధ్యలో ఇంకేదైనా విరిగినట్టు తెలిస్తే అక్కడికి ఆపి అతనికి కబురు పెట్టేది. అడగకుండా చేసి తర్వాత మజూరీ పెంచేది కాదు.

"ప్రతి దానికీ షావుకారును లేపాల్నా అత్తా? పాపం, ఆయన బేరం చేసుకోవద్దా?" అని ఒకసారి అన్నాను.

"రేపు మాట తేడా వస్తే నా మాట, ఆయన మాట కొట్లాడుకుంటయి అల్లుడా. మూడో మనిషి ఇన్నడనుకో, ఇద్దరం జర భయంల ఉంటం" అంది.

నేను బడిలో కొత్తగా చేరిన ఏడాది ఒక ఠేకేదారు, అంటే గుత్తేదారు, వచ్చాడు. ఉత్తరాది మనిషి. అడవిలో టేకు కొట్టించి, దుంగల్ని బండ్ల మీద ఏటి ఒడ్డుకు చేర్పించి, వానల్లో నీరు ఎక్కాక తెప్పలు కట్టి గోదావరిలోకి వదిలే ఠేకా అతనిది. దుంగల బరువుకు బండ్లు ఊరికే విరిగేవి. అన్నీ అత్త దగ్గరికే వచ్చేవి. మొదట్లో మజూరీ సరిగానే ఇచ్చాడు. ఎండలు ముదిరాక, "దుంగలన్నీ ఒడ్డుకు చేరనీ, ఒక్కసారే లెక్క చూసుకుందాం" అని తన లెక్కలు రాసే మునిషీతో చెప్పించాడు. అత్త నమ్మింది. వానలు వచ్చేలోగా అతని పని కాకపోతే బండ్లవాళ్లకూ కూలి ఉండదు కదా అని, బాగుచేసిన బండిని బాగుచేసినట్టే పంపించేసింది.

తొలకరి పడింది. ఒడ్డున దుంగలు గుట్టలు పడ్డాయి. ఠేకేదారు నుంచి పైసా రాలేదు. అత్త దగ్గర అప్పటికి అతనిది ఒక్క బండే మిగిలింది. అతను స్వయంగా ఎక్కి తిరిగే సవారీ బండి. అది తీసుకుపోవడానికి మునిషీ వస్తే అత్త పాత మజూరీ అడిగింది. మునిషీ వెళ్లి ఠేకేదారునే వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆరోజు నేను అక్కడే ఉన్నాను. ఠేకేదారు గుర్రం దిగకుండానే, వచ్చీరాని తెలుగులో, "మేము సర్కారు అడవి పని చేస్తున్నాం బాయీ. ఈ ఇలాకాలో సర్కారు పనికి మజూరీ అడిగేవాళ్లు ఎవరున్నారు? బేగారీ చెయ్యరా మీ వాళ్లు? నేను ముందు ఇచ్చిందే మెహర్బానీ అనుకో" అన్నాడు.

కొలిమి దగ్గర సుత్తె చప్పుడు ఆగిపోయింది. బేగారీ అంటే ఈ దేశంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. అధికారి వస్తే మూట మోయాలి, బాట వెయ్యాలి, అన్నీ ఊరికే. ఆ కమ్మరి తండ్రి అట్లాగే మోసి మోసి పోయాడు. అత్త కమ్మరి వైపు ఒకసారి చూసి, ఠేకేదారుతో, "అడవి సర్కారుది కావచ్చు. బండ్లు నీయి. నా పనోళ్లు చేసింది నీ బండ్లకు" అంది.

"బండి ఆపితే అది చోరీ. పోలీసుకు చెప్తాను."

"చెప్పుకో. బండి ఈడనే ఉంటది."

గట్టిగా అన్నదే గాని, అతను వెళ్లాక అరుగు మీద కూలబడింది. "అల్లుడా, అది నిజంగనే చోరీ అయితదా?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. మర్నాడే బిజాపూరు ప్రయాణమైంది. నన్నూ రమ్మంది.

బిజాపూరులో దావాలు విచారించే తహసీలు కచేరీ ముందు చాప వేసుకుని కూర్చునే అర్జీనవీసు ఒకాయన ఉండేవాడు. ముసలాయన, నిదానస్తుడు. ఎవరి తరఫు అర్జీ అయినా రాసేవాడు గాని, అబద్ధం రాయమంటే కళ్లజోడు తీసి పక్కన పెట్టేసేవాడు. అత్త చెప్పిందంతా విని, ఇంగ్లీషు రాజ్యంలో ఉన్న చట్టమే ఇక్కడా నడుపుతున్నారని, అది ఏం చెబుతుందో తీరిగ్గా వివరించాడు.

మరమ్మతు చేసిన వస్తువును, దాని మజూరీ ముట్టేదాకా చేసినవాడు తన దగ్గర ఆపుకోవచ్చు. అది చోరీ కాదు, హక్కు. అయితే ఆపిన వస్తువును వాడుకోకూడదు. కచేరీ చెప్పనిదే అమ్మకూడదు. ఇక ముఖ్యమైన సంగతి, ఏ బండిని ఆపావో ఆ బండి మజూరీకే ఆ హక్కు. ముందే పంపించేసిన బండ్ల మజూరీ కోసం దీన్ని ఆపడానికి లేదు. ఆ బాకీ పోదు. దానికి నోటీసు ఇచ్చి, అప్పటికీ ఇవ్వకపోతే దావా వెయ్యాలి. గడువు దాటేలోగా వెయ్యాలి.

"అంటే బండ్లు ఇడిసిపెట్టి నేనే పట్టు ఇడుసుకున్ననన్నమాట" అంది అత్త.

"పట్టు పోయింది గాని హక్కు పోలేదమ్మా. దారి పొడుగైంది, అంతే" అన్నాడాయన.

తిరిగి వచ్చిన కొద్ది రోజులకే మునిషీ వచ్చాడు. వాళ్లకూ ఎవరో వకీలు ఇదే చెప్పి ఉండాలి. సవారీ బండి మజూరీ మాత్రం లెక్కపెట్టి అరుగు మీద పెట్టాడు. అత్త షావుకారును పిలిచి ఆయన ముందు డబ్బు అందుకుంది. "బండి ఇచ్చెయ్యండి" అంది.

వడ్రంగి కదల్లేదు. "అక్కా, నీకు మతి ఉన్నదా? గీ ఒక్క బండి ఉన్నది మన చేతుల. ఇది వోతే మిగిలింది ఎట్లొస్తది?"

"దీని మజూరీ వచ్చింది. ఇంక ఆపితే తప్పు మనదైతది. రేపు కచేరీల నన్ను అడుగుతరు."

"కచేరీ మన పొయ్యి ముట్టిస్తదా?"

అత్త తనే పోయి బండి నొగలు ఎత్తి పట్టుకుంది. ఎద్దుల్ని కట్టి మునిషీ వెళ్లిపోయాడు. ఆ తర్వాత కమ్మరి చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. వానాకాలం. పని తక్కువ. పనివాళ్లకు ఇవ్వాల్సిన కూలి ఇవ్వలేక, తన పొలంలో పండి నిల్వ ఉన్న వడ్లు దంచి ఇంటింటికీ తనే పంచింది. వడ్రంగి భద్రాచలం వైపు పోతానని మూట కట్టాడు. అతన్ని ఆపలేదు. "పోతే పో, నీ బాకీ మాత్రం నా మీద ఉన్నది. యాడున్నా పంపుత" అంది. ఎందుకో మరి, అతను మూట విప్పేశాడు.

వానలు వెనుకబట్టాక జరిగింది నేను మరిచిపోలేను. ఊళ్లో కుర్రకారు, వాళ్లతో కలిసి మా నాన్న కూడా, ఠేకేదారు బండ్లు వాగు దాటుతుండగా అడ్డం పడ్డారు. ఎద్దుల్ని విప్పేసి, మజూరీ ఇస్తేనే బండ్లు కదులుతాయన్నారు. కర్రలు పట్టుకున్నారు. బండ్లు తోలేవాళ్లు దొర్లవాళ్లు. భయపడి ఇసుకలో ఒకచోట చేరి కూర్చున్నారు. నాన్న ఉత్సాహంగా నన్ను పంపించి అత్తకు కబురు చెప్పమన్నాడు. నేను ఆమె సంతోషిస్తుందనుకుంటూనే చెప్పాను.

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. ఆ వయసులో ఆమె అంత వేగంగా నడవగలదని నాకు తెలియదు. వాగులో మోకాలి లోతు నీళ్లల్లోకి దిగి నాన్న చేతిలోని పలుపు లాక్కుంది.

"ఏంది అన్నా ఇది? ఈ బండి తోలేటోడు నాకేమన్న బాకీ ఉన్నడా? ఈ ఎద్దులున్నయా?"

"వాడు నీ మజూరీ ఎగ్గొట్టి నవ్వుకుంట తిరుగుతుంటే సూసుకుంట కూసోమంటవా?"

"కూసోను. నోటీసు ఇచ్చిన. గడువు కానియ్యి. ఇయ్యాల నువ్వు బండి గుంజుకుంటే రేపు ఆళ్లు మందిని ఏసుకొచ్చి నా కొలిమి గుంజుకుంటరు. అప్పుడు నేను ఏ నోరుతోటి అడగాలె? బలం ఎవరికెక్కువున్నదో ఆలోచన జెయ్యి."

నాన్న ముఖం ఎర్రబడింది. ఊరందరి ముందు చెల్లెలు అలా అనేసింది. కానీ ఆమె అప్పటికే ఎద్దుల్ని ఒక్కొక్కటిగా కాడి కిందికి తోలుకొస్తోంది. దొర్లవాళ్లను వాళ్ల భాషలోనే లేవమని, భయం లేదని చెప్పి, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగింది. వాళ్లలో నడివయసు మనిషి ఒకడు తిరిగి పలుపు అందుకుంటూ ఆమెను చాలాసేపు చూశాడు. బండ్లు వాగు దాటి పోయాయి. నాన్న ఇంటికి పోయి అన్నం తినకుండా పడుకున్నాడు.

నోటీసు సంగతి ఇంతకుముందు చెప్పలేదు. అర్జీనవీసు హిందీలో రాసి ఇచ్చాడు. ఏ పని, ఏ బండ్లకు, ఎంత బాకీ, ఎన్నాళ్లలోగా ఇవ్వాలి, ఇవ్వకపోతే ఏం చేస్తాం. అందులో ఒక్క తిట్టు మాట లేదు. అత్త రెండు తిట్లు కలపమంటే ఆయన, "బాకీ గట్టిగా ఉన్నప్పుడు తిట్టెందుకమ్మా" అన్నాడు. టపాలో రిజిస్టరు చేసి పంపాం. అందుకున్నట్టు దస్కతుతో రసీదు తిరిగి వచ్చింది. జవాబు మాత్రం రాలేదు. గడువు దాటాక అత్త తహసీలు కచేరీలో దావా వేసింది. మా వైపు ఒక ఆడమనిషి, అదీ విధవ, ఠేకేదారు మీద దావా వెయ్యడం ఎవరూ ఎరగరు. ఊళ్లో కొందరు నవ్వారు. కొందరు భయపెట్టారు.

వాయిదాలు పడ్డాయి. ప్రతిసారీ బిజాపూరు పోవాలి. ఒకసారి దావా విచారించే హాకిము ఊళ్లు తిరిగే దౌరాలో ఉన్నాడన్నారు, ఒకసారి అవతలి వకీలు జగదల్పూరు నుంచి రాలేదన్నారు. అత్త జొన్నరొట్టెలు మూట కట్టుకుని, చుట్ట వెలిగించుకుని, కచేరీ ఆవరణలో గోడ నీడన కూర్చునేది. పేరు పిలిస్తే మాత్రం చుట్ట ఆర్పి, కొంగు సరిచేసుకుని, అందరికంటే ముందు లేచేది. విసుగు రాదా అంటే, "కొలిమి కూడ ఒక్క ఊదుకే అంటుకుంటదా" అనేది.

చివరకు విచారణ వచ్చింది. అవతలి వకీలు మొదట కాగితం మీద ఒప్పందం లేదన్నాడు. కిరాణా షావుకారు లేచి తన చెవులతో విన్నది చెప్పాడు. బాట మీద పోయే బండివాళ్లు కొందరు వచ్చి చెప్పారు. అప్పుడు వకీలు దారి మార్చాడు. పని చేసిన మాట నిజమే అయినా అది పనికిమాలిన పని అన్నాడు. బాగుచేసిన చక్రం అడవిలోనే పగిలిపోయిందని, దుంగ దొర్లి నష్టం జరిగిందని చెప్పాడు.

హాకిము అత్త వైపు చూశాడు. తెలుగులోనే చెబుతానని అత్త ముందే అనుమతి అడిగింది. కచేరీ గుమాస్తా ఒకాయన ఆమె మాటను హిందీలోకి మార్చి చెబుతున్నాడు.

"నిజమే సాహెబ్. ఒక్క చక్రం పలిగింది. కర్ర పూర్తిగ ఆరలే. మావోళ్లు తొందరపడ్డరు, నేను సరిగ సూడలే. తప్పు మాదే. అందుకే ఆ చక్రం మజూరీ నేను దావాల కలపలే. నోటీసుల గూడ కలపలే. సూసుకోండి" అంది.

హాకిము కాగితాలు తిరగేశాడు. నోటీసు చదివాడు. దావా చదివాడు. ఆ చక్రం రెండింటిలోనూ లేదు. అవతలి వకీలు ఇంకేదో అనబోయి కూర్చున్నాడు. నేను వెనుక బల్ల మీద ఉన్నాను. నా పక్కన కూర్చున్న నాన్న నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వాగు దగ్గరి సంగతి తర్వాత అన్నాచెల్లెళ్ల మధ్య సరిగా మాటల్లేవు. అయినా ఒక్క వాయిదా తప్పకుండా వచ్చేవాడు, దూరంగా కూర్చునేవాడు.

మిగతా చక్రాల సంగతి ఎవరు చెబుతారన్నాడు హాకిము. అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ఒక దొర్లమనిషి ముందుకొచ్చాడు. వాగులో అత్త చేతి నుంచి పలుపు అందుకున్నవాడు. ఠేకేదారు దగ్గర ఇంకా బండి తోలుతూనే ఉన్నాడు. అతన్ని ఎవరూ పిలవలేదు. తాను చూసిన మాట గవాహీగా చెబుతానని తనంతట తనే వచ్చాడు. దొర్లీలో చెప్పాడు, దాన్ని మరొకరు హిందీ చేశారు. తాను తోలిన బండికి చక్రాలు ఈమె పాకలో వేశారని, ఆ చక్రాల మీదే దుంగలన్నీ ఏటికి చేర్చామని, అవి ఇవాళ్టికీ నడుస్తున్నాయని చెప్పాడు. ఠేకేదారు అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆ మనిషి అతని వైపు చూడకుండా నిలబడి చెప్పాడు.

ఫైసలా అత్త వైపు వచ్చింది. అడిగిన మజూరీ, దాని మీద కచేరీ ఖర్చులు. సర్కారు అడవి అయినా బండ్లు ఠేకేదారువి, పని ఠేకేదారుకు, ఇవ్వాల్సింది ఠేకేదారు అని హాకిము రాయించాడు. పాక ముందు అత్త ఏమందో నాకు తెలుసు గనుక, అదే మాట కచేరీలో పైనుంచి వినబడుతుంటే ఒళ్లు జలదరించింది.

బయటికి వచ్చాక అత్త అర్జీనవీసును, "ఇగ పైసలు ఎప్పుడిస్తరు?" అని అడిగింది.

"డిక్రీ వచ్చిందమ్మా. పైసలు ఇంకా రాలేదు. అతను ఇవ్వకపోతే జప్తు కోసం మళ్లీ అర్జీ పెట్టాలి."

"గెలిచినంక గూడ అడగాల్నా!" అని నడుం మీద చేతులు వేసుకుని నవ్వింది. ఆ రోజు కచేరీ ఆవరణలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

అడగాల్సే వచ్చింది. అర్జీ పెట్టింది. జప్తులు చేసే కచేరీ ఉద్యోగి అమీను మద్దేడ్ దాటి ఏటి ఒడ్డుకు పోయి, ఠేకేదారు కొత్తగా చేర్చిన టేకు దుంగల మీద బాకీకి సరిపోయినన్నింటికి జప్తు ముద్ర వేశాడు. ఎక్కువ వెయ్యబోతే అత్తే వద్దందని అమీను తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. వేలం జరగనే లేదు. ఠేకేదారు అంతకుముందే కచేరీలో డబ్బు కట్టేశాడు. అత్త అది తెచ్చి, పాకలో చాప పరిచి, ముందు కమ్మరిని పిలిచింది. అతను వచ్చి కూర్చున్నాడు గాని చెయ్యి చాపలేదు.

"తీస్కో. బేగారీ కాదు, నీ మజూరీ" అంది.

అతను డబ్బు అందుకుని కళ్లకద్దుకుని, అక్కడే తల మోకాళ్ల మీద పెట్టుకుని ఏడ్చాడు. ఎవరూ అతన్ని ఓదార్చలేదు. అత్త లేచి లోపలికి పోయి అందరికీ అన్నం పెట్టింది. నాన్న కూడా ఆ వరసలో కూర్చుని తిన్నాడు. ఇంకొంచెం వడ్డించమని ఆమెను అడిగాడు. వాళ్లిద్దరి మధ్య రాజీ అంతే, వేరే మాటలేమీ జరగలేదు.

గవాహీ చెప్పిన దొర్లమనిషికి ఠేకేదారు దగ్గర పని పోయింది. అత్త అతనికి పాకకు బొగ్గు తోలే బండి పని ఇచ్చింది. ఆ మరుసటి ఏడు ఠేకేదారు బండ్లు మళ్లీ అత్త దగ్గరికే వచ్చాయి. దగ్గర్లో వేరే పాక లేదు మరి. అత్త పని ఒప్పుకుంది. సగం ముందే పెట్టమంది. అతను పెట్టాడు. ఎండన పడి వచ్చాడని మజ్జిగ కూడా ఇచ్చింది. "వానితోటి నాకేం పగ? బాకీ తీరింది గద" అంది నాతో.

ఆ తర్వాత ఆమెకు కచేరీ అక్క అని పేరు పడింది. ఆవపల్లి వైపు నుంచి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు వచ్చాడు. భోపాలపట్నంలో సైకిళ్లు, లాంతర్లు బాగుచేసేవాడు వచ్చాడు. మజూరీ ఎగ్గొట్టారని మొరపెట్టుకునేవాళ్లు. అందర్నీ ముందు ఒకటే అడిగేది: "పని ముందు మాట అనుకున్నరా? ఎవరన్న ఇన్నరా?" అనుకోలేదంటే తిట్టేది. తిట్టినా వెంటబెట్టుకుని అర్జీనవీసు దగ్గరికి తీసుకుపోయేది. బాగుచేసిన మిషను యజమాని ఏళ్లతరబడి రాకపోతే అమ్ముకోవచ్చా అని ఒకడు అడిగితే, ముందు ఊరి తలారి కోత్వారు చేత కబురు పెట్టించమంది, ఆ తర్వాత కచేరీని అడగమంది. నీకు నువ్వే హాకిమువి కావద్దంది.

అందరి వస్తువుల్నీ ఒక్కలా ఆపేది కాదు. దుక్కుల రోజుల్లో ఒకసారి ఒక రైతు బండి బాగయింది, మజూరీకి డబ్బు లేదు. కమ్మరి బండి ఆపమన్నాడు. చట్టం ఉంది కదా అన్నాడు. అత్త ఒప్పుకోలేదు. "ఆపే హక్కు ఉన్నదని అందర్నీ ఆపాల్నా? ఇప్పుడు ఈ బండి ఆపితే వాని పెంట పొలానికి చేరదు. పంట రాదు. ఇగ మనకేడికెళ్లి ఇస్తడు?" అని, షావుకారు ఎదుట కోతలప్పుడు ఇస్తానని మాట తీసుకుని పంపించింది. అతను ఇచ్చాడు. ఇవ్వనివాళ్లూ ఉన్నారు. వాళ్ల ఇళ్లకు తనే పోయి, అరుగు మీద కూర్చుని, మంచినీళ్లడిగి తాగి, పిల్లల యోగక్షేమాలు కనుక్కుని, చివర్లో బాకీ గుర్తు చేసి వచ్చేది. నలుగురిలో నిలబెట్టి అడగడం నేను ఎప్పుడూ చూడలేదు. "బాకీ ఉన్నోడు దొంగ కాదు అల్లుడా. ఇయ్యనన్నోడు వేరు, ఇయ్యలేనోడు వేరు" అనేది.

మొన్నటి ఆదివారం గంజి తాగుతూ నన్ను బడి గురించి అడిగింది. ఒక పిల్లవాడు పలక పగలగొట్టుకుని రావడం లేదన్నాను. "పలక లేకుంటే బడి లేదన్నవా ఏంది?" అని కోప్పడింది. అదే ఆమె నాతో ఆడిన ఆఖరి మాట. నాకు అది చాలా ఇష్టంగా ఉంది.

దహనానికి వచ్చిన బండ్లు బాట పొడుగునా ఆగాయి. అర్జీనవీసు ఇప్పుడు లేడు, ఆయన కొడుకు బిజాపూరు నుంచి వచ్చాడు. కమ్మరీ వడ్రంగీ పాడె మోశారు. నాన్న ముందు నడిచాడు. ముసలితనంలో అతని నడక అంత నిటారుగా నేను చూడలేదు.

మర్నాడు పొద్దున్నే నేను పాక వైపు వెళ్లాను. మూసి ఉంటుందనుకున్నాను. దూరం నుంచే పొగ కనిపించింది. సంతకు పోవాల్సిన ఎవరిదో బండి, ఆ రోజుకు ఇస్తామని అత్త ఒప్పుకున్నదట. నేల మీద పిడకల మంటలో ఇనుప పట్టా ఎర్రగా కాలుతోంది. కమ్మరి, అతని మనుషులు పట్టుకార్లతో దాన్ని ఎత్తి తెచ్చి, కొత్త చక్రం చుట్టూ దించి సుత్తెలతో సర్దారు. కర్ర భగ్గుమంది. చుట్టూ కాచుకున్న ఆడవాళ్లు బిందెలతో నీళ్లు కుమ్మరించారు. తెల్లని ఆవిరి లేచి పాకను, మనుషుల్ని కప్పేసింది. అందులోంచి, పట్టా బిగుసుకుంటూ కర్రను నొక్కుతున్న టకటక చప్పుడు మాత్రమే వినిపించింది. ఆవిరి విడిపోయేసరికి బండి యజమాని ఆ చక్రాన్ని నిలబెట్టి అరచేత్తో ఒక్క తోపు తోశాడు. తడి ఇంకా కారుతుండగానే అది ఎవరి చెయ్యీ లేకుండా, ఒరగకుండా, ఎండలో బాట వైపు దొర్లుకుంటూ పోయింది.